కురిడీల గదిలో అమ్మ పాట

మంగళవారం, రాత్రి

అమ్మ నేర్పిన హారతి పాటను మేనత్త కొడుకు సత్యం నలభై ఏళ్లుగా తప్పు పాడుతున్నాడు. రెండో చరణం చివర స్వరం దించాలి, వాడు ఎత్తుతాడు. ఊరంతా అదే నేర్చుకుంది. నేను పోయేలోగా అసలు వరస రికార్డు చేసి వాడి నోరు మూయించాలి.

మేడమీద కంప్యూటరు దగ్గర దాని ఫ్యాను ఒకటే హోరు. అందుకే మధ్యాహ్నం చేతిలో ఇమిడే రికార్డరు, మైకు తీసుకుని, లోపల ఎండి కురిడీ అయ్యేదాకా కొబ్బరికాయలు నిలవచేసిన గదిలో కూర్చున్నాను. ఆ పీచుకాయల గుట్టల మధ్య గొంతు మారుమోగదు. రేపు పొద్దున్నే లారీ వచ్చి కాయలన్నీ పట్టుకుపోతుంది. ఇవాళ తప్పితే లేదు.

"మావయ్యగారండీ, కుక్కరు దింపేసేనండీ. ఇంక పాడుకోండి," అంది కోడలు.

"నీళ్ల మోటారో?"

"ఆయ్, అదీ కట్టేసేనండీ. ఇంక మా ఊపిరొక్కటే మిగిలిందండీ."

మూడుసార్లు పాడి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మూడుసార్లూ ఆ చోట నా గొంతు పైకే లేచింది. అచ్చం సత్యంలాగే.

"కంప్యూటర్లో వేస్తే ఆ ఒక్క స్వరం దించేయొచ్చండీ," అంది కోడలు.

దించితే అది అమ్మ వరస అవుతుందా, నా పంతం అవుతుందా? ఇంటినిండా పుస్తకాలున్నాయి, ఈ ముక్క ఒక్కదానిలోనూ లేదు. అమ్మ నోట ఆ పాట విన్నవాళ్లలో ఇక బతికున్నది ఇద్దరమే.

రెండోవాడు సత్యం. వాణ్నే అడగాలి.