ఎలుగుబంటి మొహం నాది

మే 4, ఉదయం

ఈ వీధిలో నన్ను మొహాల మామ్మ అంటారు. డెబ్బై దాటాయి. ఇంట్లో నేను, బస్సుల మెకానిక్‌గా చేసే కొడుకు, కోడలు, గోడల నిండా నాట్యంలో కట్టుకునే చెక్క మొహాలు. అన్నీ చేత్తో చెక్కినవే. కొడుకు దీన్ని కలెక్షన్ అంటాడు, విసుగొస్తే చెత్త అంటాడు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మెరుగులు దిద్దకుండా రాయమన్నాను.

నా వాదన ఇదీ. ఎలుగుబంటి మొహం నాది. నాట్యబృందానికి పెద్ద అయిన డోలు మాస్టారు దాన్ని పొయ్యిలో పెట్టబోతుంటే నేనే లాక్కొచ్చాను. పురుగు తొలిచిన చోటల్లా మైనం నింపాను. ఇప్పుడు వాళ్ల కొత్త ఎలుగుబంటి నిలువునా పగిలిందట. ఏరు దాటి తెప్ప తగలేసినవాడు, మళ్లీ ఒడ్డున నిలబడి నన్ను తెప్ప అడుగుతున్నాడు!

మే 5

మాస్టారు మళ్లీ వచ్చాడు. ఒక్క పూటకే ఇవ్వండి వదినా అన్నాడు. పోయినసారి గుర్రం మొహం కూడా ఒక్క పూటకే అన్నావు, చెవి లేకుండా ఇంటికొచ్చింది అన్నాను. మాట వినే గుర్రం కాదులెండి అన్నాడు. నీకు రెండు చెవులూ ఉన్నాయి, ఇవ్వనన్నది వినపడిందా అన్నాను.

మే 6

కొడుకూ వాళ్ల పక్షమే. ఎలుగుబంటి లేకపోతే ఆట మొదలే కాదు, అందరూ మనల్ని ఆడిపోసుకుంటారు అంటాడు. పక్కింటికి స్పానర్ ఇవ్వనివాడు నాకు దానధర్మాలు చెబుతున్నాడు.

మే 7

ఇవ్వను.

మే 9, మధ్యాహ్నం

సరేనన్నాను. ఎందుకో రాయొద్దన్నాను. మాస్టారు గుమ్మంలో కూర్చుని ఏడ్చాడని రాస్తానంటుంది కోడలు. అది ఏడుపు కాదు, జలుబు.

షరతు పెట్టాను. మొహం నా చేతుల్లోనే వస్తుంది. కట్టేది నేను, విప్పేది నేను. మొహానికి తాళ్లు కుట్టిన ఎదురింటి దర్జీ ముందు ఒప్పించాను.

మే 10, సాయంత్రం

కొంప మునిగింది.

ఇవాళే ఆట. ఎలుగుబంటి ఆడేది ఒక వంటవాడు. తల గుండిగంత ఉంది. నేను కట్టేలోపే తొందరపడి తనే బిగించుకోబోయాడు. చెక్క కరకరమంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇలా కాదురా సన్నాసీ అని లాక్కుని, ఎలాగో చూపించడానికి ఆ బరిలోనే నా తలకి కట్టుకున్నాను.

డోళ్లు ఆగిపోయాయి.

ఆట రోజున, గీసిన బరిలో మొహం మొదట ఎవరు కట్టుకుంటే వాళ్లే చివరిదాకా ఆడాలి. మధ్యలో విప్పితే ఆట చెల్లదు. ఈ నియమం వచ్చినవాడికల్లా చెప్పి ప్రాణం తీసేది నేనే! మాస్టారు దండం పెట్టి, ఇక మీ దయ వదినా అన్నాడు. మీసాల కింద నవ్వు నాకు కనపడకపోలేదు. కొడుకు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. కోడలు మాత్రం ఈల వేసింది. ఇది కూడా రాయవే అన్నాను.

మే 11

చివరిదాకా నేనే ఆడాను. కాళ్లు నావి కావు. మొహాన్ని గోడకి తగిలించలేదు. మంచం మీద నా పక్కనే ఉంది. లోపల నా చెమట తడి ఇంకా ఆరలేదు. వచ్చే ఆటకి ఎవరూ అడగక్కర్లేదు. మొహం సంగతి తర్వాత, వేషం నాది.

ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: రాసిన కోడలు. ఎదురింటి దర్జీ. డోలు మాస్టారు, నవ్వుతూ పెట్టిన సంతకం.