అది సరస్వతి ఆకు కాదు

జనక్‌పురి,
మార్చి 9.

అత్తయ్యగారికి నమస్కరించి మైథిలి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం వేళకు తింటున్నాం, తిరుగుతున్నాం. క్షేమమంటే అంతే అయితే క్షేమంగానే ఉన్నాం. మీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోనులో మీరు నన్ను సాంతం మాట్లాడనివ్వరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. మీ అబ్బాయికి ఈసారి కూడా ప్రమోషన్ రాలేదు. ఇక్కడ చలి తగ్గింది. సరస్వతి ఆకు కుండీ నిండా పాకింది. నవదీప్‌కు రోజూ పెడుతున్నావా, మాటలు వస్తున్నాయా అని అడిగారు. రోజూ పెట్టాను.

కానీ అది సరస్వతి ఆకు కాదు. కిందటేడు మీరు వచ్చినప్పుడు నర్సరీ అతను "బ్రహ్మీ హై, మాతాజీ" అని సరస్వతి ఆకుకు ఇక్కడి పేరు చెబితే, "ఈ ఆకు నాకు తెలీదా" అని మీరే ఏరి కొన్నారు. మా కింది ఇంటి భానుమతి ఆంటీ వృక్షశాస్త్రం లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ చూసి, "సరస్వతి ఆకుకు కాడ అంచున, చీలిక దగ్గర ఉంటుందమ్మా. దీనికి నడిమధ్య ఉంది. పోలికే తప్ప ఇది వేరు. జిన్సెంగు, ఐవీ తీగల కుటుంబం. అందం కోసం పెంచుతారు" అన్నారు.

మీ మీద ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది. మూడేళ్లు నిండినా పిల్లవాడికి మాట రాలేదని నేను డాక్టరు పేరెత్తితే, "మా ఇంట్లో మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అని నా నోరు మూయించారు. మొన్న చెవుల పరీక్ష చేయించాం. వాడికి పుట్టుకతోనే వినపడదట. రెండేళ్లకు ముందే తేవాల్సిందని, ఇప్పుడు ఆపరేషన్ చేసినా మాటలు ఎంతవరకు వస్తాయో చెప్పలేమని డాక్టరు అంది. దారి పొడుగునా మీ అబ్బాయి మిమ్మల్నే తిట్టారు. నేను ఆపలేదు.

ఇన్నాళ్లూ దాచింది ఇప్పుడు రాస్తాను. ఆంటీ ఆ మాట చెప్పింది మొన్న కాదు, పోయిన జూలైలో. "ఆకు సంగతి సరే, వీడికి వినపడుతోందా?" అని కూడా అడిగారు. ఆవిడ వెళ్లాక వాడి వెనక నిలబడి స్టీలు కంచం నేల మీదికి వదిలాను. పక్కింటి కుక్క మొరిగింది. వాడు బొమ్మ కారు తోసుకుంటూనే ఉన్నాడు. ఆకు పెడుతున్నంతకాలం వాడు రేపో మాపో మాట్లాడబోయే పిల్లవాడు. పరీక్ష చేయిస్తే చెవిటివాడు. ఎనిమిది నెలలు నాకు ధైర్యం చాలలేదు.

ఆ రోజు ఆ కంచమే తీసి, కడిగి, అన్నంలో ఆ ఆకు పచ్చడి కలిపి వాడికి తినిపించాను.

ఇట్లు,
మీ కోడలు
మైథిలి