దీపావళి నాడు నీ కుక్క

అక్కా, నువ్వు పోయాక ఇది మొదటి దీపావళి. టపాసులు మొదలవగానే నువ్వు నీ కుక్కను వంటింట్లో పడుకోబెట్టి, ఆ చప్పుడు వినబడకుండా గ్రైండర్ తిప్పేదానివి. ఇవాళ పొద్దున్నే టపాసులు మొదలైతే నేనూ అలాగే చేశాను. అయినా అది వణుకుతూ పోయి చుట్టాల పిల్లల మధ్య దూరింది. కరుస్తుందేమోనని నాకు ఒకటే దడ.

"దాన్ని బయట కట్టేయండమ్మా, పిల్లోళ్లు భయపడతా ఉండారు," అన్నాడు వియ్యంకుడు.

బయటికి తీసుకెళ్లాను. కాసేపటికి లోపలికొచ్చి, గొలుసు తెంచుకుని పారిపోయిందని చెప్పాను.

సాయంత్రం నా కొడుకు కుందారపల్లి హైవే పక్క మోరీలోంచి దాన్ని ఎత్తుకొచ్చాడు.

"అత్తకు ఇదంటే పాణం. పొద్దున్నించీ మెతుకు ముట్టలేదు," అని కోడలు అందరితో చెప్పింది.

నేను తలొంచుకుని దాని కాళ్ల బురద కడిగాను. గొలుసు తెగలేదక్కా. గేటు తీసి వీధిలోకి తోసింది నేనే.