మామయ్యగారి బండికి మీ ముద్ర

మిసాకి,
డిసెంబరు 6

శ్రీవారికి,

మీ ఫుసయే నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నత్సుమీ బాగున్నాం. మీ ఓడ కేప్‌టౌన్ చేరేసరికి ఈ ఉత్తరం మీకంటే ముందే రేవులో ఎదురుచూస్తుంటుందని ఆఫీసువాళ్లు చెప్పారు. అక్కడే, తీరిగ్గా కూర్చుని చదవండి.

మీరడిగినవి ముందు చెబుతాను. నత్సుమికి కింది పన్ను ఊడింది. ఇంటి కప్పు మీదకి విసిరితే జారి, పక్కింటావిడ ఆరేసిన ముల్లంగి మీద పడింది. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వంటింటి కప్పు కారడం ఆగింది. "నాన్న ఇంకా బండిని పడవలా తోలుతున్నాడా?" అని అడిగారు. ఆ బండి సంగతే చెప్పాలి.

పోయిన మంగళవారం నత్సుమిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎండుచేపల పెట్టెలు బజారుకి తీసుకెళుతుంటే పోలీసు కురాతా ఆపాడు.

"అమ్మా, అద్దం మీద చీటీ ఎప్పుడైనా చూశారా? రిజిస్ట్రేషన్ గడువు తీరి మూడు వారాలైంది."

"చూళ్లేదండీ. అదంతా మా మామగారే చూసుకుంటారు."

"బాగానే ఉంది! చూసుకునేది ఆయన, తోలేది మీరూనా? రేపొకసారి ఆయన్ని స్టేషనుకి రమ్మనండి."

"ఊళ్లో లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

నత్సుమి నా చెయ్యి లాగింది. "తాతయ్య చనిపోయాడు కదమ్మా, ఎలా వస్తాడు?"

కురాతా టోపీ తీసేశాడు. అయినా చలానా రాశాడు. రాయక తప్పదు కదా. నా లైసెన్సు కూడా నెల్లాళ్లు ఆపేస్తారట.

ఏమండీ, పైన ముగ్గురి క్షేమం రాయాల్సిన చోట ఇద్దరిదే రాశాను. మామయ్యగారు అక్టోబరు మూడున పోయారు. గుండె. ఆసుపత్రిలో ఒక్క రాత్రి ఉన్నారు. ఆ తర్వాత మీకు రెండు ఉత్తరాలు రాశాను. ఒకదాంట్లో ఆయన మోకాలి నొప్పి తగ్గిందని కూడా రాశాను. ఆ వాక్యం రాసి ఎంత ఏడ్చానో మీకు తెలియదు.

చెప్పొద్దన్నది ఆయనే. "వాడు కత్తి పట్టుకుని పనిచేసేవాడమ్మాయ్. ఏడుస్తూ చేపను కోస్తే వేళ్లు పోతాయి. నాకు తెలుసు," అన్నారు. ముప్పై ఏళ్లు డెక్కు మీద బతికిన మనిషి, కాదనలేకపోయాను.

గడువు దగ్గర పడిందని బండ్లు బాగుచేసే షెడ్డు నుంచి కవరు వచ్చింది. పైన ఆయన పేరుంది. విప్పడానికి చేతులు రాలేదు. ఇంట్లో పూజ అర దగ్గర, ఆయన ఫొటో ముందు పెట్టి దణ్ణం పెట్టాను. ఆయన ఉత్తరం ఆయనకే ఇచ్చాననుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

బండిని షెడ్డుకి లాక్కెళ్లారు. అక్కడి సకుమా మంచివాడే. "పోయినాయన పేరు మీద ఎన్నాళ్లు తిప్పుతారు? మీ ఆయన పేరుకి మార్చెయ్యండి. సంతకం బదులు వేసే ఆయన ముద్ర ఇంట్లోనే ఉందిగా, మీరే కొట్టెయ్యండి," అని కాగితం ఇచ్చాడు. ఊరందరికీ తెలుసు. చేపల బజారులో ముసలమ్మలకి తెలుసు, పోలీసుకి తెలిసింది. మీకే తెలియదు.

సొరుగులోంచి మీ ముద్ర తీశాను. ఎర్ర సిరా అద్దాను. కాగితం మీద 'యజమాని మరణించినందున కుమారుడికి' అని అచ్చువేసి ఉంది. తండ్రి పోయినట్టు కొడుక్కి తెలియకుండా కొడుకు ముద్ర నేనెలా వేస్తాను? తుడిచి మళ్లీ లోపల పెట్టేశాను. మీరొచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది. బజారుకి నడిచే వెళుతున్నాం.

నన్ను ఎంతైనా తిట్టండి, పడతాను. ఓడకి తంతి కొట్టకుండా రేవుకి రాసింది ఒక్కందుకే. అక్కడ మీ చేతిలో కత్తి ఉండదు. అక్కడైతే ఏడవచ్చు.

ఇట్లు,
మీ భార్య, మామయ్యగారి కోడలు
ఫుసయే