పక్క సీట్లో అమ్మ

జనవరి 6

ప్రియమైన అమ్మకు,

ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగమూ ఊడలేదు. ఫోనులో మాట్లాడితే మూడో నిమిషానికల్లా మనిద్దరికీ పోట్లాట మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి పోట్లాట లేకుండా చెప్పాలని కాగితం పట్టుకున్నాను.

ఏప్రిల్లో నాకు పదిరోజులు సెలవు దొరికింది. మనిద్దరం అద్దె కారు తీసుకుని, డ్రైవరు లేకుండా, మనంతట మనమే తిరిగొద్దాం. నువ్వు రైల్లో ఇక్కడికి వచ్చెయ్. ఈ నగరంలో రెండు రోజులు ఉందాం. మ్యూజియం చూద్దాం, నది ఒడ్డున నడుద్దాం, నేను పనిచేసే రంగుల ఫ్యాక్టరీ చూపిస్తాను. మూడో రోజు రేవు పట్నం. అక్కణ్ణించి సముద్రాన్ని ఆనుకునే రోడ్డు ఉంది, నూట ఎనభై కిలోమీటర్లు. ఆ రోడ్డు ఎక్కే ముందు ఒకచోట వంతెన లేదు, కారుతో సహా బల్లకట్టు ఎక్కి ఏరు దాటాలి. ఆఖరున రెండు జాతీయ పార్కులు. ఒకదాంట్లో జింకలూ అడవిదున్నలూ, రెండోదాంట్లో నీటి పక్షులు.

నాన్నను పిలవడం లేదు, ఏమీ అనుకోవద్దని చెప్పు. కారు వీధి మలుపు తిరిగేలోపే ఆయనకు కడుపులో తిప్పుతుంది కదా.

నిన్న ఒకావిడ పాత తలుపు చెక్కముక్క తెచ్చి సరిగ్గా ఆ ఆకుపచ్చే కావాలంది. పదకొండుసార్లు కలిపాం. పదకొండోసారి చూసి, "ఇదేనమ్మా, కానీ మా తలుపు ఇంకాస్త పాతది" అని వెళ్ళిపోయింది. నాకు సెలవు ఎంత అవసరమో అర్థమైందా?

రోడ్ల పటం మీద పెన్సిలుతో గీసి పంపుతున్నాను. దిద్దు. వద్దన్నా ఎలాగూ దిద్దుతావు.

నీ కూతురు


జనవరి 19

ప్రియమైన మొండిఘటానికి,

పటం అందింది. దిద్దాను. పెన్సిలుతో కాదు, ఎర్రసిరాతో.

నీ లెక్కలో మూడో రోజు ఏడు గంటల ప్రయాణం ఉంది. మనిషి నడుపుతుందా, మర నడుపుతుందా? రోజుకు నాలుగు గంటలు చాలు, రెండు గంటలకోసారి ఆగాలి. పార్కు గేటు సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. ఐదున్నరకి చేరదామని రాశావు, దారిలో ఒక టైరు పంక్చరైతే అడవి బయట పడుకుంటావా? లోపల ఇరవై కిలోమీటర్ల వేగం దాటకూడదు, హారన్ కొట్టకూడదు, దిగకూడదు. బల్లకట్టు ఎక్కేటప్పుడు మొదటి గేరు, మనుషులందరూ ఎక్కేదాకా ఆగాలి. రేవు పట్నంలో రెండో రాత్రి కొట్టేశాను. ఒక్కరోజులో చూడలేని పట్నమేం కాదది.

అద్దె కారు మాత్రం వద్దు. ఎవరెవరు తొక్కి అరగదీసిన బ్రేకులో అవి. మా డ్రైవింగ్ స్కూలు బండి తెస్తాను. సెలవుల్లో ఊరికే పడి ఉంటుంది, మా ఓనరు కాదనడు. రెండు వైపులా బ్రేకు ఉన్న బండి, ఎంత నిశ్చింత చెప్పు.

స్కూల్లో ఇప్పుడొక పళ్ళ డాక్టరు నేర్చుకుంటున్నాడు. ఎవరి నోట్లో చెయ్యి పెట్టినా వణకని మనిషి, రివర్సు గేరు వేస్తే గజగజలాడిపోతున్నాడు. నిన్న గోడకు జానెడు దూరంలో ఆపి, కిందికి దిగి, ఆ గోడకు దండం పెట్టాడు. నవ్వలేక చచ్చాం.

మీ నాన్నకు చెప్పాను. చేతిలో బాగుచేస్తున్న గడియారం మీంచి తల ఎత్తకుండానే, "హమ్మయ్య, నన్ను పిలవలేదు" అన్నారు.

అమ్మ


ఫిబ్రవరి 2

ప్రియమైన అమ్మకు,

నీ ఎర్రసిరా అంతా ఒప్పుకున్నాను. పంక్చర్ లెక్క కూడా కలిపాను. రేవు పట్నంలో రెండో రాత్రి పోతే పోయింది. రెండు మాటలు మాత్రం ఒప్పుకోను.

ఒకటి, స్కూలు బండి వద్దు. రెండు, కారు నేను నడుపుతాను.

అవునమ్మా, నాకు లైసెన్సు వచ్చింది. మా సందు చివర స్కూల్లో ఒక మాస్టారి దగ్గర నాలుగు నెలలు నేర్చుకున్నాను. తప్పు చేస్తే కసరడు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూనిరాగం తీస్తాడు. ఆ రాగం మొదలైందంటే నా తప్పేమిటో నేనే వెతుక్కునేదాన్ని.

నీకు చెప్పకుండా ఎందుకు నేర్చుకున్నానో నీకు తెలుసు. పద్దెనిమిదేళ్ళప్పుడు పోస్టాఫీసు మలుపులో నేను బండి తిప్పుతుంటే నీ వైపు బ్రేకు తొక్కేశావు. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకవాళ్ళందరూ హారన్లు. నేను తాళం తీసి నీ ఒళ్ళో పడేసి ఇంటికి నడిచి వెళ్ళిపోయాను. కుక్క అడ్డం వచ్చిందన్నావు. నాకు ఏ కుక్కా కనబడలేదు. ఆ తర్వాత పదేళ్ళు స్టీరింగు చూస్తేనే నా చేతులకు చెమటలు పట్టేవి. ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పినదాని కూతురు బస్సులో తిరుగుతోందని నన్ను ఎంతమంది వేళాకోళం చేశారో నీకు తెలీదు.

నీకు అడవులు చూపించాలనే కాదు ఈ ప్రయాణం. నేను నడుపుతుంటే నువ్వు పక్కన కూర్చోవాలి. కాలి కింద బ్రేకు లేకుండా కూర్చోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

కోపం వస్తే రెండు రోజులాగి జవాబు రాయి.

నీ కూతురు


ఫిబ్రవరి 27

అమ్మాయికి,

లైసెన్సు వచ్చినందుకు సంతోషం. ఏప్రిల్లో నాకు వీలు పడదు. పరీక్షలయ్యాక కాలేజీ పిల్లలందరూ నేర్చుకోవడానికి వచ్చి పడతారు, ఓనరు సెలవు ఇవ్వనన్నాడు. నీ స్నేహితులెవరినైనా తీసుకెళ్ళు. పటం వెనక్కి పంపుతున్నాను.

మీ నాన్న బాగున్నారు.

అమ్మ


మార్చి 5

ప్రియమైన అమ్మకు,

ఇరవై అయిదు రోజులకు ఆరు ముక్కలు రాశావు. మొదట చదివి చింపేద్దామనుకున్నాను. తర్వాత స్కూలుకు ఫోను చేశాను, ఓనరుతో నేనే మాట్లాడి సెలవు అడుగుదామని. ఆయన, "సెలవేమిటమ్మా, మీ అమ్మగారు బండెక్కి నాలుగు నెలలు దాటింది కదా, టేబులు దగ్గర ఫారాలు చూసుకుంటున్నారు" అన్నాడు.

నాన్నను నిలదీశాను. ఆయనకు అబద్ధం ఆడటం రాదు కదా, ముందు గడియారం స్ప్రింగు గురించి చెప్పారు, తర్వాత వాతావరణం, ఆఖరికి నిజం. షుగరు వల్ల నీ కుడికాలు మొద్దుబారిందట. చెప్పు జారిపోయినా నీకు తెలియడం లేదట. లైసెన్సు నువ్వే ఓనరు చేతిలో పెట్టి, ఇక నడపనని చెప్పావట.

పళ్ళ డాక్టరు గోడకు దండం పెట్టింది నువ్వు ఆఫీసు కిటికీలోంచి చూశావన్నమాట. ఆ ముక్క రాసి నన్ను నవ్వించావు. నిన్న దాన్ని తలచుకుని ఫ్యాక్టరీలో రంగు డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చాను.

నాకెందుకు చెప్పలేదమ్మా? నేను పరాయిదాన్నా?

నీ కూతురు


మార్చి 14

ప్రియమైన తల్లీ,

నువ్వు పరాయిదానివి కావు. సిగ్గేసింది, అంతే.

నవంబరులో ఒకమ్మాయికి నేర్పుతున్నాను. కూడలిలో ఎర్రలైటు పడింది, ఆ పిల్ల ఆపలేదు. నేను తొక్కాను. తొక్కాననుకున్నాను. నా కాలు బ్రేకు పక్కన కిందున్న రబ్బరు చాప మీద ఉంది. ఆ పిల్లే ఎలాగో తేరుకుని ఆపింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ పిల్ల నా వంక చూసి, "సారీ మేడం" అంది. తప్పు నాది, సారీ దానిది. ఆ సాయంత్రమే లైసెన్సు ఇచ్చేశాను. ఇరవై ఆరేళ్ళు తిన్న అన్నం అది. ఇచ్చేసి ఇంటికొచ్చి మీ నాన్న ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. నువ్వు నేర్చుకుంటున్నావని నాకు మొదటి వారమే తెలుసు. మీ మాస్టారు మా స్కూల్లో నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఫారంలో నా పేరు చూసి ఫోను చేశాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ప్రతి క్లాసు తర్వాత చెప్పేవాడు, ఇవాళ గేర్లు బాగా వేసింది, ఇవాళ ఎత్తు మీద బండి వెనక్కి జారలేదు అని. నీకు లైసెన్సు వచ్చిన రోజు మీ నాన్నకు పాయసం చేసి పెట్టాను. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను.

స్కూలు కుర్రాడి చేత నడిపించుకుని బండి తెస్తానన్నది కూడా, అక్కణ్ణించి నువ్వు నడుపుతావని తెలిసే. మొద్దుకాలికి బ్రేకు దేనికి అని నువ్వు అడగొచ్చు. అది అక్కడుంటే ధైర్యం.

పోస్టాఫీసు మలుపులో కుక్క లేదు. రోడ్డు మీద ఏమీ లేదు. నువ్వు బాగానే తిప్పుతున్నావు. నువ్వు స్టీరింగు పట్టుకుంటే నా గుండె నా మాట వినలేదు, కాలు దాని మాట విన్నది. ఎంతమంది పిల్లల పక్కన కూర్చున్నానో లెక్కలేదు, ఎవరి పక్కనా అలా కాలేదు. పదేళ్ళుగా ఆ కుక్కను అడ్డం పెట్టుకుని బతికాను.

నాకు ఊరికే కూర్చోవడం రాదు, తల్లీ. నీ ప్రయాణం పాడు చేస్తాను. దారంతా అరుస్తాను. మళ్ళీ నువ్వు తాళం నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోతే నడిరోడ్డు మీద నేనిప్పుడు బండి కూడా తీయలేను. అందుకే రాననేది.

అమ్మ


మార్చి 20

ప్రియమైన అమ్మకు,

చదివాను. రెండుసార్లు. కుక్క సంగతి దగ్గర ఎంతసేపు ఆగిపోయానో నువ్వు ఊహించలేవు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. పదేళ్ళ నుంచి నాకు నడపడం చేతకాదని నువ్వు అనుకుంటున్నావని నేను అనుకున్నాను.

అరుచుకో. ఎంత కావాలంటే అంత అరుచుకో. నేను తాళం పడేయను.

ఏప్రిల్ పదకొండు పొద్దున రైలు టికెట్టు ఇందులోనే పెట్టాను. కింది బెర్తు. కాళ్ళకు మెత్తటి బూట్లు వేసుకుని రా, చెప్పులు వద్దు. మాత్రలు పది రోజులకు కాదు, పన్నెండు రోజులకు తెచ్చుకో.

మా మాస్టారికి నీ గుట్టు బయటపడిందని చెప్పాను. కూనిరాగం తీస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

నీ కూతురు


ఏప్రిల్ 16, జింకల పార్కు అతిథిగృహం, మధ్యాహ్నం

ప్రియమైన తల్లీ,

నువ్వు మొహం మాడ్చుకుని అటవీశాఖ ఆఫీసుకి సాయంత్రం పర్మిట్ల కోసం వెళ్ళావు. ఎదురుగా చెబితే మూడో నిమిషానికి పోట్లాడుకుంటాం. అందుకే నీ మంచం మీద ఈ కాగితం.

నిన్నటిదాకా నిన్ను కాల్చుకు తిన్నాను, ఒప్పుకుంటాను. మ్యూజియం దగ్గర "లారీ, లారీ" అని అరిచాను, అది ఆగి ఉన్న లారీ. రేవు పట్నంలో మూడు సందులు తప్పు చెప్పి, నువ్వు తప్పు తిప్పావన్నాను. బల్లకట్టు మీద తలుపు పిడి పట్టుకున్న చెయ్యి ఏరు దాటాక కూడా వదల్లేదు, నువ్వొచ్చి ఒక్కో వేలూ విడదీశావు. నువ్వు మాస్టారిలా కూనిరాగం తీశావు. మండిపోయింది నాకు.

ఇవాళ పొద్దున సముద్రం రోడ్డు ఎక్కాం. ఈ రోడ్డు కోసమే మొత్తం ప్రయాణం వేశానన్నావు. మూడు నెలలు పటం మీద వేలు పెట్టి చూసుకున్నావు. ఎక్కిన పావుగంటకు నేను నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి చెట్లు, అడవి గేటు, ఖాకీ చొక్కా మనిషి. "ఎక్కడున్నాం?" అన్నాను. "సముద్రం అయిపోయిందమ్మా" అన్నావు. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. నీ రోడ్డంటే నాకు విసుగనుకున్నావు. లేదా ఒంట్లో బాగాలేదనుకున్నావు.

అదేం కాదు. నేను బండిలో నిద్రపోయే మనిషిని కాను. పెళ్ళయిన మర్నాడు మీ నాన్నతో అత్తారింటికి వెళ్తూ కూడా దారంతా కారు డ్రైవరు చేతులనే చూస్తూ కూర్చున్నాను, కొత్త పెళ్ళికూతురికి ఇదేం జబ్బని మా అత్తగారు అందరికీ చెప్పుకున్నారు. బస్సుల్లో అంతే, ఎవరి కార్లో అయినా అంతే. మీ తాతయ్య పోయిన రోజు రాత్రంతా ప్రయాణం చేశాం, ఏడుస్తూ కూడా రోడ్డునే చూశాను. ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి, అది నేనే అయి ఉండాలి, అలా అలవాటైపోయింది. ఇవాళ నువ్వు ఒక మలుపు తిప్పావు, తర్వాత ఇంకొకటి. మూడోది ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. రెండు గంటల నలభై నిమిషాలు పడుకున్నానని కారు గడియారం చూస్తే తెలిసింది.

ఇంత హాయిగా నేను ఎన్నడూ నిద్రపోలేదు తల్లీ.

రేపు వెనక్కి తిప్పి మళ్ళీ ఆ రోడ్డు మీదికి తీసుకెళ్తానంటావేమో, వద్దు, పక్షుల పార్కుకి దారి ఇటు. వచ్చాక మొహం కడుక్కుని నా పక్కన కూర్చో. సముద్రం ఎలా ఉందో నువ్వే చెప్పు. బండి నడుపుతూ అటు ఎందుకు చూశావని అడగను.

అమ్మ