నీళ్ళు దిగని రంగు

అల్ నహ్దా, షార్జా
12 నవంబర్ 2022, శనివారం

చిరంజీవి తహ్మీనాకు,

అస్సలాము అలైకుమ్. అల్లా దయవల్ల మేమిక్కడ క్షేమం. మీ ఖాలూకి మోకాలి నొప్పి తగ్గింది. జెబెల్ అలీలో నీ ఒళ్ళు బాగుండాలని ప్రతి నమాజులో అడుగుతున్నాను. ఆ నమాజు గురించే ఈ ఉత్తరం.

మొన్న గురువారం ఫోన్‌లో నా మాట పూర్తికాకముందే, "ఖలాస్ ఖాలా, ఇంక వదిలెయ్" అని పెట్టేశావు. నా మాట నెమ్మది, నీకు తీరిక తక్కువ. కాగితాన్నైతే మధ్యలో పెట్టెయ్యలేవని, ఇన్నేళ్ళ తర్వాత కలం పట్టాను.

రంజాన్‌కి నువ్వు మీ కంపెనీ గోళ్ళరంగు సీసాలు తెచ్చినప్పుడు ఎంత మురిశానో. నా తస్బీ దండ చేతిలోకి తీసుకుని, చిన్న చిన్న అణువులు ఈ పూసల్లా ఒకదాన్నొకటి పట్టుకుంటే గొలుసవుతుందనీ, గొలుసులు అల్లుకుంటే ప్లాస్టిక్ పొర అవుతుందనీ చెప్పావు. మీ పొరలో మాత్రం నీళ్ళు దూరే సందులున్నాయన్నావు. నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేటప్పుడు గోటికి తడి తగలకపోతే వజూ కాదు, వజూ లేనిదే నమాజు లేదు. అందుకే యాభై ఏళ్ళలో ఎన్నడూ వేసుకోని రంగు వేసుకున్నాను. శుక్రవారాలు మా ఇంట్లో ఖురాన్ చదువుకునే పదకొండు మందికీ, మా పిల్ల కనిపెట్టిందని చెప్పి, నీళ్ళు దిగుతాయని సీసాతో వచ్చిన కాగితం మీద నీ సంతకం చూపించాను. అది చూసి ఒక్కొక్కరే వేసుకోవడం మొదలుపెట్టారు.

గురువారం గిన్నెలు తోముతుంటే రంగు పెచ్చులా ఊడింది. దాని మీద నీటిబొట్టు అలాగే నిలబడి ఉంది. నాకు అనుమానం వచ్చింది. కాఫీ వడకట్టే కాగితాలు రెండు తీసుకుని, ఒకదానికి రంగు వేసి ఆరబెట్టాను. ఏది పరీక్షించినా పక్కన ఉత్తది ఒకటి పెట్టుకోవాలని, నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నాకు చెప్పింది నువ్వే. రెండింటి మీదా నీటిచుక్క వేశాను. ఉత్తది వెంటనే తడిసింది. ఖురాన్‌లోని యాసీన్ సూరా మొత్తం చదవడం అయినా, రంగుదాని అడుగు పొడిగానే ఉంది.

ఇదే ఫోన్‌లో చెప్తే, వేలితో రుద్దితే నీళ్ళు దిగుతాయనీ, మీ పైఅధికారి ముదీర్ అలాగే చూసి రాయమన్నాడనీ అన్నావు. రుద్దితే పొర చిరిగి దిగింది, తహ్మీనా. చిరిగితే ఏ పొరలోంచైనా దిగుతుంది. అది చెప్పడానికి ఎమ్మెస్సీ కావాలా? లేని సందుని ఉందని రాయడానికేనా, నిన్ను రాయచోటి నుంచి తిరుపతికి పంపమని మీ అబ్బాతో పోట్లాడాను? మీ ముదీర్‌కి అది సరుకు. మాకు ఏడు నెలల నమాజులు. అవన్నీ మళ్ళీ చదువుకుంటాం. నువ్వు మాత్రం ఆ సంతకం వెనక్కి తీసుకో. ఉద్యోగం పోతే మా ఇంట్లో నీ మంచం వేసిన చోటే ఉంది.

నీ మేలు కోరే
దౌలత్‌బీ ఖాలా

తా.క. నిన్నింత మాట అన్నదాన్ని, నా సంగతీ రాయాలి. నిన్న, అంటే ఆ పరీక్ష చేసిన మర్నాడు, ఖురాన్ చదువుకి వచ్చిన వజీరాబీ అందరి ముందూ చెయ్యి చాపింది. ఆదివారం ఆమె కూతురి నిఖా. "దౌలత్ ఆపా, మీ పిల్ల చదువుకున్నది గనక అడుగుతున్నా. దీంతో నమాజు అవుతుంది కదా?" అంది. నీ పేరు పోతుందని, అవుతుందన్నాను. ఆమె పది వేళ్ళకీ నేనే వేశాను.

మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే ఆమె ఇంటికి వెళ్తున్నాను. ఆ తర్వాత మిగతా పది ఇళ్ళకీ. ఈ ఉత్తరం దాచుకో, ఎవరికీ చూపించకు. వాళ్ళు ఇది నా నోటితోనే వినాలి.