పేర్లు రాసిన కాగితం

బ్రసెల్స్,
18 ఆగస్టు 1994

నాన్నా,

నీకు కోపం వస్తుంది. వస్తే రానీ, ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే చించు. ఫోనులో చెబుదామని రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నువ్వు "ఏం తిన్నావు?" అని అడిగావు, నేను ఏదో చెప్పి పెట్టేశాను.

నేను పనిచేసే ఈ సమాఖ్యలో ముప్పై దేశాల యూదు సంఘాలున్నాయి. సెప్టెంబరులో వచ్చే మన కొత్త సంవత్సరం పండుగకి కాపలా మనుషులను పంపమని చిన్నా పెద్దా సంఘాలన్నీ ఎప్పుడో అడిగేశాయి. అడగనిది మన హాస్‌బెర్గెన్ ఒక్కటే. జూలైలో ప్రార్థనా మందిరం తలుపు మీద మండుతున్న పెట్రోలు సీసా పడింది మాత్రం మన ఊళ్ళోనే. "సభ్యుల పేర్లు, చిరునామాలు పంపండి, ఎవరిని లోపలికి వదలాలో మా కాపలావాళ్ళకి తెలియాలి" అని మా కార్యదర్శి నాహోన్ గారు నీకు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ నీది ఒకటే జవాబు: "మా సంఘం పేర్లు కాగితం మీద పెట్టదు." మూడోది నా బల్ల మీద పడేసి, "మీ నాన్నగారు మనిషా, బండరాయా?" అన్నారాయన. "రెండూనండీ" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

నీ కారణం నాకు తెలియదా? ఉగ్గుపాలతో పోశారు ఆ కథ. జర్మన్లు ఊరేలుతున్న రోజుల్లో, నీలాగే అప్పట్లో మన సంఘం కార్యదర్శి అయిన తాతయ్య, పేర్ల చిట్టా ఇవ్వమంటే ఇవ్వకుండా మందిరం పొయ్యిలో కాల్చేశాడు. బళ్ళో ఆ కథ చెప్పి ఎంత మిడిసిపడేదాన్నో. కానీ నాన్నా, అప్పుడు అడిగింది చంపడానికి. ఇప్పుడు అడుగుతున్నది కాపాడడానికి. ప్రతి వారం అందరికన్నా ముందు వెళ్ళి ఆ తలుపు తాళం తీసేది నువ్వు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

అందుకే నేనే రాసిచ్చేశాను. ఎవరు ఏ వరసలో కూర్చుంటారో కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంటూ, పేర్లూ వీధులూ టైపు చేసి మంగళవారం నాహోన్ గారి చేతిలో పెట్టాను. నిన్ను అడగలేదు. వాళ్ళనీ అడగలేదు. దాని నకలు నీ సంతకం కోసం రేపో మాపో వస్తుంది. ముప్పయ్యో తారీఖులోగా సంతకం చేరకపోతే, పండుగనాడు ఆ తలుపు దగ్గర కాపలా ఉండదు.

దొంగపనే. తప్పని తెలిసే చేశాను. తిట్టు, పడతాను. సంతకం మాత్రం పెట్టు.

కోపంగా, అంతకన్నా బెంగగా,
యెట్


హాస్‌బెర్గెన్,
25 ఆగస్టు 1994

అమ్మడూ,

చించలేదు. నీ ఉత్తరమూ ఆ నకలూ ఒకేరోజు వచ్చాయి. జన్మలో నీతో మాట్లాడకూడదనుకున్నాను. రెండు రోజులు గడిచాక, నీకన్నా పెద్ద దొంగతనం నాదేనని ఒప్పుకోక తప్పలేదు.

మీ తాతయ్య ఆ చిట్టా కాల్చలేదు.

అడిగింది జర్మన్లు కాదు, పై కార్యాలయంలో కూర్చున్న మనవాళ్ళే. "ఊరికే మన లెక్క కోసం" అన్నారట. అరవై నాలుగు పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి టపాలో వేశాడు. అక్కడినుంచి అది జర్మన్ల చేతికి చేరింది. తన పేరు రాశాడు, మా అమ్మ పేరు రాశాడు. ఆరేళ్ళవాణ్ణి, నా పేరు రాయలేదు. నన్ను ఊరి బయట ఒక పాడిరైతు ఇంట్లో దాచాడు. అంతా మంచికే అని నమ్మినవాడు నా పేరెందుకు వదిలేసినట్టు? యుద్ధం అయ్యాక శిబిరాలనుంచి తిరిగొచ్చింది ఆయనతో కలిపి తొమ్మిదిమంది. మా అమ్మ రాలేదు. చిట్టా ఏమైందంటే కాల్చేశానన్నాడు. పోయేముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పాడు. నేను పేర్లు రాయనిది పౌరుషంతో కాదే తల్లీ, సిగ్గుతో.

నీ జాబితా నాలుగుసార్లు చదివాను. ఇరవై రెండు పేర్లున్నాయి. నా పేరు లేదు. మరిచిపోయానని మాత్రం చెప్పకు.

దాని మీద సంతకం పెట్టలేదు. కోటు వేసుకుని ఇంటింటికీ బయలుదేరాను. ప్రతి గుమ్మంలోనూ ముందు మా నాన్న చేసింది చెప్పాను, ఆ తరవాతే పేరు అడిగాను. పళ్ళ డాక్టరు బ్రామ్ గుమ్మంలోనే నన్ను పేరు పెట్టి ఆపాడు. "నా పేరు వద్దు మేయర్. ఇంకోసారి మా ఇంటికి రావద్దు కూడా" అని తలుపేశాడు. మరో ఇద్దరు వద్దన్నారు. తిరిగొచ్చిన ఆ తొమ్మిదిమందిలో ఒకతైన సార్ట్యె అత్తయ్య మాత్రం నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"ఇన్నాళ్ళకి నోరు పెగిలిందా నీకు?" అంది. "తిరిగొచ్చిన అందరికీ తెలుసురా అది. మీ నాన్న మొహం చూసి ఎవరం అడగలేదు. నా పేరు రాసుకో. ఎనభై రెండేళ్ళదాన్ని, నన్నెవడెత్తుకుపోతాడు?"

అక్కడ ఏడ్చాను. సిగ్గు విడిచి ఏడ్చాను.

అడిగి రాసుకున్న పేర్లు పంతొమ్మిది, దీనితో పెట్టిన కాగితంలో ఉన్నాయి, సంతకం చేశాను. వద్దన్న ముగ్గురూ వస్తే గుర్తుపట్టి లోపలికి పంపడానికి పండుగనాడు కాపలావాడి పక్కన నేను నిలబడతాను. వద్దని నాకు ఫోను చెయ్యకు.

ప్రేమకొద్దీ నా పేరు వదిలేశావని తెలుసు. ఆయనా ప్రేమకొద్దీనే వదిలేశాడు. అలా మిగిలిపోయి యాభై రెండేళ్ళు బతికాను. రెండోసారి నావల్ల కాదు. ఇరవయ్యో పేరు నువ్వే టైపు చెయ్యి, అందరికన్నా పైన.

మేయర్ ఫాన్ స్ట్రాతెన్,
14, లోయర్ వీధి, హాస్‌బెర్గెన్